చేతులు మారిన చిరునామా

“కోడ్ నువ్వు అడగలేదంటావు.”

“అడగలేదండీ.”

“నీకెవరూ చెప్పనూ లేదంటావు.”

“అసలు కోడ్ తీసుకున్నారనే నాకు తెలీదండీ. అంతా అయిపోయాక తెలిసింది.”

సూదమ్మ బల్లకి అవతల కూర్చున్న మనిషిని చూస్తూ ఉండిపోయింది. నలభై దాటిన వెబ్‌సైట్ డిజైనర్. నిన్న షాపులోంచి నేరుగా స్టేషన్‌కి తీసుకొచ్చారు. కళ్ళజోడు కూడా తీసేసుకున్నట్టున్నారు, కళ్ళు చికిలించుకుని ఆమె ముఖం ఎక్కడుందో వెతుక్కుంటూ మాట్లాడుతున్నాడు.

సూదమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. పోలీసు డిపార్ట్‌మెంట్లో ఉన్న రోజుల్లో, ఏది అడిగినా గుచ్చినట్టు అడుగుతుందని కిందివాళ్ళు చాటున పెట్టుకున్న పేరు. రిటైరై సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు ఆ పేరే బోర్డు మీద రాయించుకుంది. చాటున పిలిచినవాళ్ళంతా ఇప్పుడు ఎదురుగా పిలవక తప్పలేదు.

ఆ బోర్డు చూసే మొన్న ఒక వార్డెన్ ఆమె దగ్గరికి వచ్చింది. ఇంట్లో దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకి నీడనిచ్చే హోమ్ ఒకటుంది, దాని వార్డెన్. ఆ హోమ్ పెట్టిన పెద్దావిడని అందరూ పెద్దక్క అంటారు. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో హోమ్ వెబ్‌సైట్ చూసి అందులో ఉన్న మెయిల్‌కి రాస్తారు. తామెక్కడున్నారో, ఎప్పుడు బయటపడగలరో, వెంట పిల్లలెందరో రాస్తారు. బయటపడి వేరే ఊళ్ళలో తలదాచుకున్నవాళ్ళు కూడా తమ సంగతులు ఆ మెయిల్‌కే రాస్తుంటారు. రోజూ వచ్చే ఆ మెయిల్స్ ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఏమైందో చూడమని డిజైనర్‌ని పిలిస్తే, అతను చూసి నిలువునా నీరైపోయాడు. హోమ్ పేరుతో ఉన్న డొమైన్, అంటే సైట్‌కీ మెయిల్‌కీ ఉన్న చిరునామా, హోమ్ చేతిలో లేదు. వేరే కంపెనీకి, వేరే మనిషి పేరు మీదికి మారిపోయింది.

“వెబ్‌సైట్ మామూలుగానే కనిపిస్తోందిగా,” అంది సూదమ్మ. “పొద్దున నేనూ చూశాను. మరి పోయిందేమిటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

“అచ్చు అలాంటిదే దించి పెట్టారండీ, అనుమానం రాకుండా. ఫోన్ నంబర్ అదే ఉంచుకుని కంపెనీ మార్చుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే. డొమైన్ పేర్లు రిజిస్టర్ చేసే కంపెనీలుంటాయి. పాత కంపెనీలో మన పేరుకి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీస్తే వాళ్ళొక కోడ్ ఇస్తారు. దాన్ని కొత్త కంపెనీకిస్తే, పాత కంపెనీవాళ్ళు ఓనర్‌కి మెయిల్ పెడతారు, మీ పేరు వెళ్ళిపోతోంది, మీకిష్టమేనా అని. ఇష్టమేనని నొక్కితే ఇక అంతే. పేరు ఎవరి చేతిలో ఉంటే, ఆ పేరుకొచ్చే మెయిల్సన్నీ వాళ్ళ చేతిలోకి పోతాయి. వార్డెనమ్మకి రాసినవి కూడా.”

“ఎవరి చేతిలో ఉందో తెలీదా?”

“కొత్త ఓనర్ తన పేరు దాచుకోవచ్చండీ. దాచుకున్నాడు.”

“తాళం తియ్యడానికి ఏం కావాలి?”

“పాస్‌వర్డ్ కావాలి. అది నా దగ్గరుంది, లేదని నేనెక్కడా అనలేదు. కానీ అదొక్కటే చాలదు, ఓనర్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఓనరంటే పెద్దక్కగారు. ఇష్టమేనా అని అడిగే మెయిల్ కూడా ఆవిడ సొంత మెయిల్‌కే వస్తుంది.”

“ఆ రోజు నువ్వు హోమ్‌లోనే ఉన్నావు.”

“ఉన్నానండీ. ఆఫీసు కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందంటే వెళ్ళాను. దాన్ని కిందికి తెచ్చుకుని వసారాలో విప్పుకుని కూర్చున్నా. మళ్ళీ సాయంత్రం దాకా మేడెక్కలేదు.”

“ఎవరు చూశారు?”

“వార్డెనమ్మ చూసింది. అదే చెబితే, ఆవిడ నాతో కుమ్మక్కైందంటున్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. ఆ సైట్ మొదటినుంచీ నేనే చూస్తున్నానండీ. పెద్దక్కగారు నన్ను తమ్ముడూ అనే పిలిచేవారు. మా ఇంట్లో జ్వరమొస్తే మందులు పంపించేవారు. నిన్న ఇక్కడికొచ్చి, నా వైపు వేలు చూపించి, వీడే అన్నారు. నా ముఖంలోకి చూడను కూడా లేదు. వీడు అన్నారండీ నన్ను.”

దొంగతనం మోపినందుకన్నా ఆ ఒక్క మాటకే అతనెక్కువ నలిగిపోయినట్టున్నాడు. సూదమ్మ ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. “టైమైపోయింది మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

* * *

ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో సూదమ్మ కిందే పని నేర్చుకున్నాడు. ఆమె కష్టపడి తేల్చిన రెండు కేసులు తన పేరు మీద రాయించుకుని ఆమెకన్నా ముందే పై మెట్టెక్కాడు. ఆ రెండు కేసుల ఊసు ఇద్దరూ ఎప్పుడూ ఎత్తరు. ఎత్తకపోయినా ఇద్దరి మధ్యా అది ఎప్పుడూ ఉంటుంది.

“మీ రోజుల్లో దొంగ గోడ దూకి వచ్చేవాడు మేడమ్,” అన్నాడు వరండాలో ఆమె వెంట నడుస్తూ. “కాలిముద్ర చూస్తే సరిపోయేది. ఇది వేరే లోకం. హాయిగా ఇంట్లో కూర్చోక మీకెందుకీ తలనొప్పి?”

“ఏ లోకమైనా దొంగకి చేతులుండాలిగా. ఆ చేతులు ఆ టైములో ఎక్కడున్నాయో చెప్పు, ఇంటికెళ్ళి కూర్చుంటా.”

“చెప్తా వినండి. ఒంటిగంటా పదికి పెద్దక్కగారి ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. ఒంటిగంటన్నరకి, ఇష్టమే అని నొక్కారు. నొక్కింది హోమ్‌లో ఉన్న ఇంటర్నెట్ నుంచే. పాత కంపెనీవాళ్ళు మాకు రాసిచ్చారు. ఆ టైములో అందరూ కింద భోజనాల గదిలో ఉన్నారు, పెద్దక్కగారితో సహా. ఆవిడ ఫోన్ పైన ఆఫీసు గదిలో ఛార్జింగుకి పెట్టి ఉంది. వీడు పైకెళ్ళి ఫోన్లో ఓటీపీ చూసుకున్నాడు, ఆఫీసు కంప్యూటర్లో పని కానిచ్చాడు. బయటివాళ్ళలో పాస్‌వర్డ్ తెలిసింది వీడొక్కడికే.”

“ఎవరికమ్మాడు?”

“చెప్పిస్తాను.”

“అంటే తెలీదన్నమాట.”

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడ్చుకున్నాడు.

“పెద్దక్క భోజనాల గదిలో ఉందని ఎవరు చెప్పారు?” అంది సూదమ్మ.

“ఆవిడే చెప్పారు.”

“ఇంకెవర్నైనా అడిగావా?”

“ఊరంతా చేతులెత్తి దండం పెట్టే మనిషి మేడమ్. ఆవిడ మాట నిజమా కాదా అని ఇంట్లోవాళ్ళని పిలిచి అడగమంటారా?”

“దండం పెట్టు, వద్దనలేదు. పెట్టాక అడుగు. నీకు మొదటి నెలలోనే నేర్పాను ఇది.”

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అతను ఆగిపోయి గొంతు తగ్గించాడు.

“సరే, నన్నడిగారు కాబట్టి మిమ్మల్నీ ఒకటడుగుతా. పోయింది పెద్దావిడ పేరు మీదున్న సొత్తు. ఆవిడ పోలీసుల దగ్గరికొచ్చింది. మరి ఆవిడ కింద పనిచేసే వార్డెన్ ఆవిడకి చెప్పకుండా మీ దగ్గరికెందుకు పరిగెత్తింది? అంత భయం దేనికి? మీరు మీ క్లయింట్‌ని సరిగ్గా చూశారా మేడమ్? రేపు ఆమెనీ లోపల కూర్చోబెడతాను, మీరు చూస్తూ ఉండండి.”

సూదమ్మకి కోపం వచ్చింది. వచ్చింది కానీ, ప్రశ్న మంచిదే. తనకెందుకు తట్టలేదా అనిపించింది.

“అడుగుతాను,” అనేసి మెట్లు దిగింది.

స్టేషన్ గేటు పక్కనే నిలబడి డొమైన్ పాత కంపెనీకి ఫోన్ చేసింది. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది కానీ, ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ వివరాలు చెప్పమంది.

“వివరాలొద్దమ్మా. పోయిన పేరు వెనక్కి రావాలంటే ఏం చెయ్యాలో చెప్పు చాలు.”

“ఓనర్ తన మెయిల్ నుంచి, ఇది నేను చెయ్యలేదు అని మాకు ఒక్క ముక్క రాస్తే చాలండీ. మేం వెంటనే కొత్త కంపెనీతో మాట్లాడి పేరుని ఎటూ కదలకుండా ఆపిస్తాం. సైట్ చూసే ఆయన ఫోన్ చేసినప్పుడూ ఇదే చెప్పాం.”

“ఓనర్ రాసేశారు కదా. మొన్ననే రాశానన్నారు.”

అవతల టకటకమని కీబోర్డు చప్పుడైంది.

“లేదండీ. ఓనర్ దగ్గర్నుంచి మాకింతవరకూ ఏమీ రాలేదు.”

సూదమ్మ ఫోన్ పెట్టేసింది. మెయిల్స్ పోయిన సంగతి తెలిసిన రోజే పెద్దక్క కంపెనీకి రాసేసిందని వార్డెన్ చెప్పింది. పెద్దక్క తనతో అలాగే చెప్పిందట. పోలీసుల దగ్గరికి స్వయంగా వచ్చి ఒక మనిషిని పట్టించడానికి తీరిక దొరికింది ఆవిడకి. పోయినదాన్ని వెనక్కి తెచ్చే ఆ ఒక్క ముక్క రాయడానికి మాత్రం దొరకలేదు.

* * *

హోమ్‌కి బయట బోర్డేమీ ఉండదు. మామూలు రెండంతస్తుల ఇల్లు, ఎత్తైన గేటు. వార్డెన్ తనే వచ్చి తలుపు తీసింది. నలభై అయిదేళ్ళుంటాయి, మెడ పక్కన పాత కాలిన మచ్చ ఉంది. పెద్దక్క లాయర్‌ని కలవడానికి వెళ్ళిందని చెప్పి మేడ మీదికి తీసుకెళ్ళింది.

ఆఫీసు గది చిన్నది. కిటికీ కింద బల్ల, దాని మీద కంప్యూటర్, రెండు కుర్చీలు. సూదమ్మ ముందు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వెళ్ళి బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. వంగి బల్ల కిందికి చూసింది. గోడకి ఒకటే ప్లగ్గుల బోర్డు, దానికి రెండే ప్లగ్గులు. ఒక దానికి కంప్యూటర్, రెండో దానికి ఇంటర్నెట్ పెట్టె.

“పెద్దక్క ఫోన్ ఇక్కడ ఛార్జింగు పెట్టుకుంటారా?”

“ఇక్కడ ఖాళీ ఎక్కడుందండీ? ఆవిడ ఛార్జర్ పక్క గదిలో మంచం దగ్గర ఉంటుంది.”

“ఈ కంప్యూటర్ ఆ రోజు మధ్యాహ్నం?”

“ఇక్కడ లేదండీ. కింద వసారాలో ముక్కలు ముక్కలుగా ఉంది. ఆయన పరిచిన కాగితం మీద అటూ ఇటూ మరలు. పిల్లలు తీసుకుపోతారేమోనని నేను అక్కడే కాపలా కూర్చున్నా. సాయంత్రం చీకటి పడుతుంటే తెచ్చి బిగించాడు.”

“అంటే ఒంటిగంటన్నరకి నొక్కింది ఈ కంప్యూటర్లో కాదు. ఇంటి ఇంటర్నెట్ మీద నడిచే ఏదో ఫోన్లో.” సూదమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. “పెద్దక్క ఆ టైములో భోజనాల గదిలో ఉన్నారా?”

“లేరండీ. తలనొప్పిగా ఉందని పైనే పడుకున్నారు. ఆ రోజు అన్నానికి దిగనే లేదు.”

“నీకు బాగా గుర్తుందా?”

“ఉందండీ. ఒకమ్మాయి పిల్లాడికి జ్వరం ఎక్కువైంది. డాక్టర్‌ని పిలవాలా, ఆస్పత్రికి తీసుకెళ్ళాలా అని అక్కకి కింది నుంచే ఫోన్ చేశాను.”

సూదమ్మ చెయ్యి చాపింది. “ఫోనియ్యి.”

వార్డెన్ తన ఫోన్ తీసిచ్చింది. సూదమ్మ ఆ రోజు కాల్స్ దాకా వేలితో జరుపుకుంటూ వెళ్ళి ఆగింది. అక్క అన్న పేరుకి కాల్. ఒంటిగంటా పదకొండు.

“ఎవరెత్తారు?”

“అక్కే ఎత్తారు. మోగీ మోగగానే ఎత్తారు.”

“ఏమన్నారు? గుర్తు తెచ్చుకుని ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట కూడా కలపకు.”

వార్డెన్ నుదురు చిట్లించింది. “నేనింకా నోరు తెరవకముందే, ‘వచ్చిందిరా, రాసుకో’ అన్నారు. నేను ‘అక్కా, నేను’ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, డాక్టర్‌ని పిలువు అని పెట్టేశారు. పక్కన ఎవరితోనో మాట్లాడుతున్నారనుకున్నా.”

“ఒంటిగంటా పదికి ఆ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది.”

వార్డెన్ ముందు తల ఊపింది. సగంలో ఆ తల ఆగిపోయింది. ఆమె చెయ్యి మెల్లిగా బల్ల అంచు పట్టుకుంది.

“ఆ అంకెలు ఎవరికో చెప్పడానికి ఫోన్ కోసం కాచుకుని కూర్చున్నారు ఆవిడ,” అంది సూదమ్మ. “నీ కాల్ ఎత్తి, ఆ మనిషే అనుకున్నారు. ఆవిడ నోరారా ‘రా’ అని పిలిచేది ఎవరిని?”

వార్డెన్ పక్క గది వైపు చూసింది.

“ఒక్క కొడుకునేనండీ.”

“ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఇన్‌స్పెక్టర్ అడిగాడు, నేనడగాల్సింది. పెద్దక్కకి చెప్పకుండా నా దగ్గరికి ఎందుకొచ్చావు? నీ భయం దేనికి?”

వార్డెన్ లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కూర్చోలేదు.

“నన్ను ఆ ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది అక్కేనండీ. నా పుట్టింటివాళ్ళే తలుపు తియ్యకపోతే, ఈ ఇంట్లో నాకు మంచం వేసి పడుకోబెట్టింది. ఆవిడ దగ్గర దాచిన మాటంటూ నాకు లేదు. ఒకే ఒక్కటి దాచాను. ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ కోడలు నా దగ్గరికొచ్చింది. వెనక గుమ్మంలోంచి వచ్చింది, నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని. భుజం ఎముక విరిగి ఉంది. అక్కకి చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో చేర్పించాను. ఫోన్ వాడితే మొగుడు పట్టేస్తాడని భయం, అందుకని హాస్టల్ ఆఫీసు కంప్యూటర్ నుంచి నా మెయిల్‌కి రాస్తుంది. ఆ మెయిలే ఇప్పుడు ఎవరి చేతిలో పడిందోనని నా భయం, అక్క వింటుందేమోనని హాస్టల్‌కి ఫోన్ కూడా చెయ్యలేదు.”

“పెద్దక్కకి అనుమానం వచ్చిందా?”

“ఒకసారి అడిగారు, అది నీ దగ్గరికేమైనా వచ్చిందా అని. రాలేదన్నాను.”

తలుపు తెరుచుకుంది.

పెద్దక్క గుమ్మంలో నిలబడి ఉంది. భుజానికి సంచి అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు గానీ, ఆమె ముఖం చూస్తే చివరి మాట విన్నట్టే ఉంది.

“నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూసి రాలేదన్నావు,” అంది వార్డెన్‌తో.

* * *

కింద ఎవరో పిల్లలు తిరగబడ్డ బకెట్ మీద దరువేస్తున్నారు.

“మీరు కూర్చోండి,” అంది సూదమ్మ.

“నా గదిలో నన్ను కూర్చోమంటున్నావా?”

“కంపెనీకి రాశానని చెప్పి రాయలేదు మీరు. భోజనాల గదిలో ఉన్నానని చెప్పి ఈ పక్క గదిలో ఉన్నారు. ఫోన్ ఛార్జింగులో ఉందని చెప్పి చేత్తో పట్టుకుని ఉన్నారు. మీరు తమ్ముడన్న మనిషి నిన్నటినుంచి స్టేషన్లో ఉన్నాడు, కళ్ళజోడు కూడా లేకుండా. కూర్చుంటారా, నిలబడే చెప్తారా?”

పెద్దక్క కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది.

“వాడు నన్ను అడగలేదనుకున్నావా ఇన్నాళ్ళూ?” ఆమె సూదమ్మని చూడటం లేదు, వార్డెన్‌నే చూస్తోంది. “రోజూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేవాడు. అమ్మా, చిన్నది ఎక్కడుందో ఒక్కసారి తెలిస్తే చాలు, నేనేమీ చెయ్యను, మారిపోయాను అని. నా మనవరాలే. పుట్టినప్పుడు మొదట ఎత్తుకుంది నేను. అది బతికుందో లేదో తెలీకుండా నేను ఇక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళ పిల్లలకి అన్నం పెట్టాను. నీకు తెలుసు. నువ్వు నా పక్కనే కూర్చుని వడ్డించావు. నోరు విప్పలేదు.”

“భుజం విరిగిందక్కా దానికి,” అంది వార్డెన్.

“పడిపోయిందన్నాడు.”

“మన దగ్గరికొచ్చిన ప్రతి మొగుడూ అదే అన్నాడు. వాళ్ళలో ఒక్కణ్ణీ నమ్మొద్దని నాకు నేర్పింది నువ్వే.”

పెద్దక్క సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

“పేరంతా ఎందుకిచ్చారు?” అంది సూదమ్మ. “కావాల్సింది ఒక్క కోడలి జాడ. మీరు ఇచ్చింది ఈ ఇంటిని నమ్మి రాసిన ప్రతి ఆడమనిషి జాడా.”

“దీని మెయిల్ దీనికి తప్ప ఎవరికీ తెరుచుకోదు. డిజైనర్ని అడిగితే, కుదరదక్కా, అది ఆవిడ సొంతం అన్నాడు. మావాడే చెప్పాడు, పేరు నా చేతికొస్తే కొత్తగా వచ్చేవి చూడొచ్చు, రెండు వారాల్లో మళ్ళీ నీ పేరు మీదికి మార్చేస్తానని. మిగతావి తెరవనని ఒట్టేశాడు.”

“నమ్మారు.”

“కన్నాను కదా,” అంది పెద్దక్క.

వార్డెన్ మెడ మీది మచ్చని తడుముకుంటోంది. తనకి తెలీకుండానే చేస్తున్నట్టుంది. ఆమె ఏడవలేదు. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఎవరి భుజం మీద ఏడ్చేదో ఆ మనిషే ఎదురుగా కూర్చుని ఉంటే, ఏడుపు కూడా ఎటు పోవాలో తెలీక లోపలే ఉండిపోయింది.

“వాడు చదివి ఊరుకున్నాడా?” అంది సూదమ్మ. “జవాబేమైనా రాశాడా?”

“వాడేమీ రాయలేదు.”

ఆ మాట కొంచెం తొందరగా వచ్చింది. సూదమ్మ వార్డెన్ వైపు తిరిగింది. “హాస్టల్‌కి ఫోన్ చెయ్యి. అందరికీ వినపడేట్టు పెట్టు.”

వార్డెన్ చేసింది. హాస్టల్ మేనేజరమ్మ గొంతు గదంతా వినిపించింది.

“మీరేనా అమ్మా? నేనే చేద్దామనుకుంటున్నా. వాళ్ళు వచ్చేస్తున్నారు. పొద్దున బస్సెక్కించేశాను తల్లీకూతుళ్ళని.”

“ఎక్కడికి ఎక్కించారు?” అంది వార్డెన్.

“అదేమిటమ్మా, మీరే కదా రమ్మని మెయిల్ పెట్టారు. ఎంత సంబరపడిందో, నన్ను పిలిచి చూపించింది. ఇక్కడ కంప్యూటర్లో ఇంకా ఉంది, చదవమంటారా?” మేనేజరమ్మ అడిగిందే కానీ ఆగలేదు, చదవడం మొదలెట్టింది. “‘ఇక్కడ అంతా సర్దుకుంది, ఇక భయం లేదు. చిన్నదాన్ని తీసుకుని బయల్దేరు. బస్టాండు వెనక గేటు దగ్గరికి కారు వస్తుంది, అందులో ఎక్కు. ఎవరికీ ఫోన్ చెయ్యకు. బస్సులో చిన్నదాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టకు. చల్లగాలి తగిలితే దానికి చెవిపోటు వచ్చేస్తుంది. టోపీ పెట్టు.’ కింద మీ పేరే ఉందమ్మా.”

పిల్లల దరువు ఆగిపోయింది కింద. ఎవరో లోపలికి పిలిచినట్టున్నారు.

“చిన్నదానికి చెవిపోటు వస్తుందని నాకు తెలీదు,” అంది వార్డెన్, చాలా మెల్లిగా.

సూదమ్మ పెద్దక్కని చూసింది. పెద్దక్క ఒళ్ళో ఉన్న సంచిని చూసుకుంటోంది.

“నా పేరు పెట్టి నువ్వు రాశావా అక్కా?”

“నేనూ వెళ్దామనుకున్నాను కారులో,” అంది పెద్దక్క. “నేనుంటే వాడేమీ అనడు. నేనే చిన్నదాన్ని ఎత్తుకుని తెద్దామనుకున్నా. దాన్ని వాడొక్కడి చేతికీ వదలను కదా. బస్సు అయిదింటికి వస్తుంది, నాలుగున్నరకి వచ్చి నన్ను ఎక్కించుకుంటానన్నాడు. ఇంకా బోలెడంత టైముంది. మీరు కూడా రండి. మీ అందరి ఎదుటే...”

సూదమ్మ అప్పటికే తన ఫోన్ తీసింది. ఇన్‌స్పెక్టర్ నంబర్. అటు రెండు మోతలు మోగగానే, “మాటలొద్దు, ముందు విను,” అంది. “బస్టాండు వెనక గేటుకి ఇప్పుడే మనుషుల్ని పంపు. భుజానికి దెబ్బ తగిలిన ఒకామె, నాలుగేళ్ళ ఆడపిల్ల. వాళ్ళని ఏ కారూ ఎక్కనివ్వకు. ఎందుకో నువ్వు వచ్చాక చెప్తాను. ఈ కేసు కూడా నీ పేరునే రాసుకో, ముందు పంపు.”

“బస్సెన్నింటికి మేడమ్?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో వెటకారం లేదు. సూదమ్మ అదే ప్రశ్న పైకి అడిగింది.

“అయిదింటికి,” అంది పెద్దక్క కుర్చీలోంచే.

“అయిదేమిటి?” మేనేజరమ్మ గొంతు ఇంకా వినిపిస్తోంది వార్డెన్ ఫోన్లో. “అయిదింటి బస్సు కాదండీ. మూడింటికే దిగుతారు వాళ్ళు. రాత్రి ఇంకో మెయిల్ పెట్టారుగా, ఆ బస్సు వద్దు, ముందు బస్సుకే వచ్చెయ్యమని.”

గోడ మీద గడియారంలో మూడుకి పది నిమిషాలు తక్కువైంది. సూదమ్మ ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి అందిస్తూనే మెట్ల వైపు పరిగెత్తింది. వెనక వార్డెన్ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ గదిలో ఇంకో మనిషి లేచిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

“ఇంకో మెయిలా?” అంటోంది పెద్దక్క ఆ ఖాళీ గదిలో. “నేను రాసింది ఒక్కటే.”